ఓటింగు దాకా రాని ప్రశ్నలు

అమెరికా రాజకీయాల్లో డబ్బు ప్రభావం గురించి రెండు వాదనలు వినిపిస్తాయి. అక్కడి ప్రభుత్వాన్ని కంపెనీలూ కోటీశ్వరులూ ఎప్పుడో కొనేసుకున్నారన్నది జనంలో బాగా నాటుకుపోయిన వాదన. డబ్బుకు అంత శక్తి లేదు, దాన్ని భూతద్దంలో చూస్తున్నారన్నది విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వినిపించే వాదన. రెండింటికీ ఆధారాలున్నాయి. ఎన్నికల నిధుల లెక్కలు సేకరించే ఓపెన్‌సీక్రెట్స్ సంస్థ అంచనా ప్రకారం 2024 ఫెడరల్ ఎన్నికలకు దాదాపు 1,590 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అదే ఏడాది వాషింగ్టన్‌లో నమోదైన లాబీయింగ్ ఖర్చు 400 కోట్ల డాలర్లు దాటింది. ఎలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి, ఆ తర్వాత ప్రభుత్వ శాఖల్లో కోతలు పెట్టే అధికారం చేతికి తీసుకున్నాడు. ఇంకోవైపు మైకేల్ బ్లూమ్‌బెర్గ్ 2020లో డెమోక్రాటిక్ అభ్యర్థిత్వం కోసం సుమారు 100 కోట్ల డాలర్ల సొంత సొమ్ము ఖర్చుపెట్టి, అమెరికన్ సమోవా దీవుల్లో తప్ప ఎక్కడా నెగ్గలేదు. 2016లో హిల్లరీ క్లింటన్ కంటే చాలా తక్కువ ఖర్చుపెట్టిన ట్రంప్ గెలిచాడు. 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి జరిగిన ఎన్నికలో మస్క్, అతని అనుబంధ సంస్థలు 2 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించినా, వాళ్లు బలపరిచిన అభ్యర్థి పది శాతం తేడాతో ఓడిపోయాడు.

ఈ రెండో రకం ఆధారాలను ఆర్థికవేత్తలు ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ప్రభుత్వ నిర్ణయాల విలువ వేల కోట్ల డాలర్లలో ఉంటే వాటి కోసం పెట్టే ఖర్చు ఇంత తక్కువేమిటని గోర్డన్ టలక్ 1972లోనే అడిగాడు. అన్సోలాబెహర్, డి ఫిగైరెడో, స్నైడర్ అనే ముగ్గురు పరిశోధకులు 2003లో అదే ప్రశ్నను మళ్లీ ఎత్తుకున్నారు. చందాలకూ సభలో పడే ఓట్లకూ ఉన్న సంబంధం మీద అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, సభ్యుడి పార్టీనీ సిద్ధాంతాన్నీ లెక్కలోకి తీసుకుంటే చందా ప్రభావం చాలా స్వల్పమని తేల్చారు. ఈ పరిశోధన నిజాయితీతో చేసినదే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ అది కొలిచింది రెండింటినే: ఎన్నికల ఫలితం, సభలో చేతులెత్తే క్షణం. ఆ రెండూ జనం చూస్తుండగా జరిగేవి. అక్కడ ఓటరు ఉన్నాడు, పత్రికలున్నాయి, ప్రత్యర్థి ఉన్నాడు. డబ్బుకు అసలు బలం ఆ రెండింటికీ మధ్యనున్న సుదీర్ఘమైన నిశ్శబ్దంలో ఉంది. ఏ ప్రశ్న ఓటింగు దాకా వస్తుంది, ఏది రాదు, వచ్చినది ఏ మాటలతో వస్తుంది, ఎవరి కష్టం ఎవరి చెవిన పడుతుంది అన్నవి అక్కడ తేలతాయి. అమెరికా న్యాయస్థానాలూ సంస్కర్తలూ వందేళ్లుగా వెతుకుతున్నది వేరే చోట అన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన విషయం.

వాళ్లు వెతుకుతున్నది లంచం కోసం. 1896లో అధ్యక్ష అభ్యర్థి విలియం మెకిన్లీ గెలుపు కోసం అతని ప్రచార సారథి మార్క్ హానా బ్యాంకుల మీద వాటి మూలధనంలో పావు శాతం చొప్పున చందా విధించాడు. స్టాండర్డ్ ఆయిల్ ఒక్కటే రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. జీవిత బీమా కంపెనీలు పాలసీదారుల సొమ్మును ఎన్నికలకు మళ్లించాయని 1905 విచారణలో బయటపడ్డాక, 1907లో టిల్‌మన్ చట్టం ఫెడరల్ అభ్యర్థులకు కార్పొరేషన్లు చందాలివ్వడాన్ని నిషేధించింది. కార్మిక సంఘాలకు 1947లో అదే నిషేధం స్థిరపడింది. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో చందాలకూ ఖర్చులకూ పరిమితులు పెట్టి, ఎన్నికల కమిషన్‌ను ఏర్పాటు చేశారు. ఆరుగురు సభ్యులు, ఏ పార్టీ నుంచీ ముగ్గురికి మించకూడదు, ఏ చర్యకైనా నాలుగు ఓట్లు కావాలి. ఏ నిర్ణయం చేయాలన్నా ముందుకు కదలలేని విధంగా దాన్ని పుట్టించారన్నమాట. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని రెండుగా చీల్చింది. అభ్యర్థికి ఇచ్చే చందాకు పరిమితి పెట్టవచ్చు, ఎందుకంటే అందులో లంచం ప్రమాదం ఉంది. స్వతంత్రంగా పెట్టే ప్రచార ఖర్చుకు పరిమితి పెట్టకూడదు, ఎందుకంటే అది వాక్ స్వాతంత్ర్యం అంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5-4 తేడాతో కార్పొరేషన్లకూ ఆ స్వాతంత్ర్యం ఇచ్చింది. కొద్ది వారాలకే కింది అప్పీలు కోర్టు, ఖర్చు స్వతంత్రమైనదైతే దానికి ఇచ్చే చందాకూ హద్దు ఉండకూడదనడంతో హద్దులేని చందాలతో ప్రచారం చేసే సూపర్ ప్యాక్‌లు పుట్టాయి.

సిటిజన్స్ యునైటెడ్ తీర్పులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది కార్పొరేషన్ల హక్కు కాదు, అవినీతికి అందులో ఇచ్చిన అర్థం. పలుకుబడి ఉండటం, నాయకుడి దగ్గరికి చేరగలగడం అవినీతి కావని జస్టిస్ కెనెడీ రాశాడు. ఇది ఇచ్చాను, అది చేసిపెట్టు అనే బేరం ఉంటేనే అవినీతి. జస్టిస్ స్టీవెన్స్ తన సుదీర్ఘ భిన్నాభిప్రాయంలో ఈ కొలతబద్దనే తప్పుపట్టాడు. ఆ తర్వాతి తీర్పులు దాన్ని ఇంకా కుదించాయి. 2024లో స్నైడర్ కేసులో, కాంట్రాక్టు దక్కిన తర్వాత ఆ కంపెనీ నుంచి ఇండియానాలోని ఒక మేయరు 13,000 డాలర్లు పుచ్చుకుంటే, పని అయ్యాక ఇచ్చే బహుమానం ఫెడరల్ లంచాల చట్టం కిందికి రాదని కోర్టు 6-3తో చెప్పింది. నేరుగా బేరమాడి దొరికిపోయేవాళ్లు లేకపోలేదు. ఒహాయో స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ ఫస్ట్ఎనర్జీ విద్యుత్ కంపెనీ నుంచి దాతల పేర్లు చెప్పనక్కర్లేని ఒక సంస్థ ద్వారా సుమారు 6 కోట్ల డాలర్లు రాబట్టి, 2019లో దాని అణు విద్యుత్ కేంద్రాలను ఆదుకునే చట్టం చేయించాడు. 2023లో ఇరవై ఏళ్ల శిక్ష పడింది. అలాంటి మొరటు పద్ధతి అరుదు, అవసరం కూడా లేదు. చట్టం అనుమతించే దారుల్లోనే పని జరిగిపోతున్నప్పుడు ఎవరు బేరమాడతారు?

ఆ దారుల్లో మొదటిది నాయకుడి సమయం. డెమోక్రాటిక్ పార్టీ కొత్త ప్రతినిధులకు ఇచ్చిన, 2013లో బయటికొచ్చిన దినచర్య నమూనాలో నిధుల కోసం ఫోన్లు చేయడానికే రోజుకు నాలుగు గంటలు కేటాయించారు. సభా సంఘాల సమావేశాలకూ చర్చలకూ రెండు గంటలు మాత్రమే. ప్రభుత్వ కార్యాలయం నుంచి చందాలు అడగడం నిషేధం కాబట్టి దగ్గర్లోని పార్టీ ఆఫీసుకు వెళ్లి ఈ పని చేస్తారు. రోజుకు నాలుగు గంటలు డబ్బున్నవాళ్లతోనే మాట్లాడే మనిషికి లోకం ఎలా కనిపిస్తుంది? మూలధన లాభాల పన్ను వాళ్లకు చికాకు, అద్దె కట్టలేకపోవడం వాళ్లకు ఊహకు కూడా రాని సంగతి. ఎవరూ ఎవరినీ కొననక్కర్లేదు. ఈ విషయాన్ని జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగంతో నిరూపించారు. ఒక ఉద్యమ సంస్థ సభ్యుల తరఫున 191 కాంగ్రెస్ కార్యాలయాలకు అపాయింట్‌మెంట్ కోరుతూ ఈమెయిళ్లు పంపారు. కొన్నింటిలో వచ్చేది స్థానిక ఓటర్లని మాత్రమే రాశారు, కొన్నింటిలో వాళ్లు చందాదారులని చెప్పారు. చందాదారులన్న మాట ఉన్నచోట సభ్యుడు గానీ పెద్ద స్థాయి సిబ్బంది గానీ వచ్చి కలిసిన సందర్భాలు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అడిగినవాళ్లూ అడిగిన విషయమూ అవే.

రెండో దారి సమాచారం. దాని గురించి జరగవలసినంత చర్చ జరగలేదు. 1995లో న్యూట్ గింగ్రిచ్ నాయకత్వంలో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో సంఘాల సిబ్బందిని మూడో వంతు తగ్గించారు. సాంకేతిక విషయాలను తటస్థంగా అంచనా వేసి కాంగ్రెస్‌కు నివేదికలిచ్చే టెక్నాలజీ అసెస్‌మెంట్ కార్యాలయాన్ని మూసేశారు. పొదుపు అన్నారు. బిల్లులు మాత్రం వందల పేజీలకు పెరిగాయి. టెలికాం, వైద్య బీమా, బ్యాంకింగ్ నియమాలు చదివి అర్థం చేసుకోవలసింది ఇరవై అయిదేళ్ల ఉద్యోగి. ఒకటి రెండేళ్లు పనిచేసి, చాలా ఎక్కువ జీతానికి లాబీయింగ్ సంస్థలోకి వెళ్లిపోవాలని చూస్తుంటాడు. ఆ ఖాళీలోకి లాబీయిస్టు లెక్కలతో, సవరణ ముసాయిదాతో, సాక్ష్యమివ్వగల నిపుణుడి పేరుతో వస్తాడు. రిచర్డ్ హాల్, అలన్ డియర్‌డార్ఫ్ 2006లో దీన్ని బాగా వివరించారు: లాబీయిస్టులు ఎక్కువగా కలిసేది వ్యతిరేకులను కాదు, ముందే తమతో ఏకీభవించేవాళ్లను. వాళ్ల మనసు మార్చనక్కర్లేదు, పని చేసిపెడితే చాలు. పని ఎవరు చేసిపెట్టగలరన్నది డబ్బును బట్టి ఉంటుంది. లాబీయింగ్ మీద అత్యధికంగా ఖర్చుపెట్టే వంద సంస్థల్లో సుమారు 95 వ్యాపార రంగానివని, కార్మిక, ప్రజాహిత సంఘాలు పెట్టే ప్రతి డాలరుకూ కార్పొరేషన్లు, వాటి సంఘాలు 34 డాలర్లు పెడుతున్నాయని పరిశోధకుడు లీ డ్రట్‌మన్ 2015లో లెక్కగట్టాడు.

ఇవన్నీ ఒక్కచోట ఎలా పనిచేస్తాయో చూడాలంటే మెడికేర్ మందుల ధరల కథే చాలు. వృద్ధుల ఆరోగ్య పథకమైన మెడికేర్‌లో మందులను చేర్చే చట్టం 2003లో వచ్చింది. దేశంలో అంత పెద్ద కొనుగోలుదారు ఇంకొకడు లేడు. అలాంటి కొనుగోలుదారు మందుల కంపెనీలతో ధర బేరమాడకూడదని ఆ చట్టంలో ఒక నిబంధన పెట్టారు. మాజీ సైనికుల ఆరోగ్య శాఖ అప్పటికే బేరమాడి తక్కువకు కొంటోంది. నవంబరు 22 తెల్లవారుజామున ప్రతినిధుల సభలో ఓటింగును దాదాపు మూడు గంటలు తెరిచి ఉంచి, ఓడిపోతున్న బిల్లును 220-215తో గెలిపించారు. ఆ బిల్లును నడిపించినవాళ్లలో ఒకడు ఇంధన, వాణిజ్య సంఘం అధ్యక్షుడు బిల్లీ టౌజిన్. 2005లో మందుల కంపెనీల సంఘానికి అతనే అధ్యక్షుడయ్యాడు. 2007లో నిబంధన ఎత్తేసే ప్రయత్నం సెనేట్‌లో 60 ఓట్లు రాక ఆగిపోయింది. 2009లో ఒబామా ఆరోగ్య చట్టానికి అడ్డుపడకుండా ఉండటానికి మందుల కంపెనీల సంఘం శ్వేతసౌధంతో ఒప్పందం చేసుకుంది. కంపెనీలు 8,000 కోట్ల డాలర్ల మేర భరిస్తామన్నాయి, బేరం నిషేధం జోలికి ఎవరూ రాలేదు. నిషేధం తొలగాలని ఏ సర్వే చేసినా రెండు పార్టీల ఓటర్లలోనూ భారీ ఆధిక్యం కనిపిస్తూనే వచ్చింది. చివరికి 2022లో ఉపాధ్యక్షురాలి ఓటుతో 51-50గా చట్టం మారింది. అదీ మొదట పది మందులకే, కొత్త ధరలు 2026 జనవరి నుంచి. నిబంధన పెట్టి ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లలో ఏ ఒక్క ఓటునైనా ఎవరో కొన్నారని నిరూపించడం కష్టం. కానీ నష్టపోయిన ప్రతి వృద్ధుడూ ఆ డబ్బును మందుల దుకాణంలోనే చెల్లించాడు.

పన్ను రిటర్నుల సంగతి ఇంకా చిన్నది, ఇంకా స్పష్టమైనది. జీతం వివరాలు ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నా, రిటర్ను దాఖలు చేయడానికి చాలామంది అమెరికన్లు ఏటా ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కడతారు. అక్కడున్న తెలుగువాళ్లలో ఈ తంతు తెలియని ఇల్లు ఉండదు. 2002లో పన్నుల శాఖ ఆ కంపెనీలతో ఒక ఒప్పందం చేసుకుంది. వాళ్లు తక్కువ ఆదాయం వారికి ఉచిత సేవ ఇస్తారు, శాఖ సొంతంగా అలాంటి సేవ పెట్టదు. ఆ హామీ 2019 దాకా నడిచింది. శాఖ సొంత సేవ 2024లో 12 రాష్ట్రాల్లో మొదలై 2025లో 25కు విస్తరించి, ఆ ఏడాదితోనే ఆగిపోయింది. దీని మీద ఏ అధ్యక్ష అభ్యర్థీ గెలవలేదు, ఓడలేదు.

ప్రయోజన వర్గాలు ప్రజాస్వామ్యానికి సహజమే కదా అన్న అభ్యంతరానికి ఇక్కడ సమాధానం చెప్పాలి. వర్గాలను నిర్మూలించలేం, విశాలమైన గణతంత్రంలో ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటాయి అని జేమ్స్ మాడిసన్ 1787లోనే వాదించాడు. ప్రభుత్వానికి విన్నపం చేసుకునే హక్కు రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. వృద్ధుల సంఘం ఏఏఆర్‌పీ, పౌరహక్కుల సంస్థలు, టీచర్ల యూనియన్లు కూడా లాబీలే. ఇది కాదనలేని మాట. పైగా కూడగట్టుకున్న మనుషులనూ కూడబెట్టిన డబ్బునూ ఒకే గాటన కట్టడం పొరపాటు. న్యూటౌన్ బడిలో ఇరవై మంది పిల్లలు హతమైన తర్వాత 2013 ఏప్రిల్‌లో తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాల తనిఖీని విస్తరించే ప్రతిపాదన సెనేట్‌లో 54-46 ఆధిక్యం ఉన్నా 60 ఓట్లు రాక ఆగిపోయింది. తుపాకీ యజమానుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ చందాలకంటే, ఆ ఒక్క విషయం చూసి ఓటేసే దాని సభ్యులంటే సెనేటర్లకు భయం. ఆ ఫలితం నాకు బాధాకరమైనదే అయినా, అది ప్రజాస్వామిక బలమే. ఇబ్బంది ఏమిటంటే, వర్గాలు ఒకదాన్నొకటి అదుపు చేసుకోవాలంటే ముందు అన్నీ పుట్టాలి. కొద్దిమందికి పెద్ద లాభం వచ్చేచోట సంఘం తేలిగ్గా ఏర్పడుతుందని, కోట్ల మందికి తలా కొంచెం నష్టం జరిగేచోట ఏర్పడదని మాన్సర్ ఓల్సన్ 1965లో చూపించాడు.

దీనికి తెలుగువాళ్లకు తగిలే ఉదాహరణ గ్రీన్‌కార్డు వరుస. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఒత్తిడితో హెచ్-1బీ వీసాల పరిమితి 1998లో 1,15,000కు, 2000లో 1,95,000కు కొన్నేళ్లపాటు పెరిగింది. 2000 నాటి చట్టమే, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఆరేళ్లు దాటినా అదే వీసా మీద పనిచేసే వీలు కల్పించింది. ఏ దేశానికీ 7 శాతానికి మించకూడదన్న గ్రీన్‌కార్డు నిబంధన మాత్రం తొలగలేదు. యజమానికి కావలసింది పనివాడు, అది దొరికింది. పనివాడికి కావలసింది స్థిరత్వం, అది నిలిచిపోయింది. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవాడికి ఓటు లేదు, చందా ఇవ్వడం చట్టరీత్యా నిషేధం. దేశాల వారీ పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది, 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది, రెండింటినీ కలిపే పని జరగకుండానే గడువు తీరిపోయింది. దీనికి టెక్ కంపెనీల మద్దతూ ఉంది, వ్యతిరేకించినవారికి తమవైన కారణాలూ ఉన్నాయి. కానీ ఆ చివరి నెలలో రాజీ కుదిర్చి తీరాలన్న తొందర ఎవరికుండాలో, వాళ్లకు ఆ గదిలో కుర్చీ లేదు.

ఇంకో అభ్యంతరం లెక్కల నుంచి వస్తుంది. మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ 2014లో 1,779 విధాన ప్రశ్నలు పరిశీలించి, సగటు పౌరుడి కోరికకు విడిగా ప్రభావం దాదాపు శూన్యమని రాసినప్పుడు పెద్ద సంచలనమైంది. ఆ లెక్కల్లోనే దాదాపు 90 శాతం ప్రశ్నల మీద ధనికులూ మధ్యతరగతీ ఏకీభవిస్తున్నారని, తేడా వచ్చిన 185 ప్రశ్నల్లో ధనికుల మాట 53 శాతం, మధ్యతరగతి మాట 47 శాతం నెగ్గిందని విమర్శకులు చూపించారు. ఈ విమర్శ సబబే. అమెరికాను ధనికస్వామ్యమని ప్రకటించడానికి ఆ అధ్యయనం చాలదు. కానీ సర్వేల్లో అడిగిన ప్రశ్నలు అప్పటికే బయటికి వచ్చినవి. బేరం నిషేధం లాంటి ఒక్క వాక్యపు నిబంధనలు, సభా సంఘం గది దాటని సవరణలు అందులోకి అంతగా చేరవు. బామ్‌గార్ట్‌నర్ పరిశోధక బృందం లాబీయింగ్ జరిగిన 98 అంశాలను అనుసరించి, 2009లో ఎవరు ఎక్కువ ఖర్చుపెట్టారన్నదానికీ ఎవరు నెగ్గారన్నదానికీ సంబంధం స్వల్పమని, సగానికి పైగా అంశాల్లో అసలు ఏ మార్పూ రాలేదని చెప్పింది. డబ్బుకు శక్తి లేదనడానికి దీన్ని చూపిస్తారు. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. మార్పు రాకపోవడం తటస్థం కాదు. ఉన్న స్థితి అంటే నిన్నటి గెలుపు. దాన్ని కాపాడుకోవడానికి అమెరికా రాజ్యాంగ నిర్మాణంలో ఒక్క అడ్డంకి చాలు. మార్చాలనుకున్నవాడు అన్ని అడ్డంకులూ దాటాలి. కాపలాకు తక్కువ ఖర్చవడం టలక్ ప్రశ్నకు కూడా సమాధానమే.

2024లో ఈ నిశ్శబ్దాన్ని పెద్ద చప్పుడుతో కొనే పద్ధతి ఒకటి రూపుదిద్దుకుంది. కాయిన్‌బేస్, రిపుల్ వంటి క్రిప్టో సంస్థల డబ్బుతో నడిచిన ఫెయిర్‌షేక్ సూపర్ ప్యాక్, కాలిఫోర్నియా సెనేట్ ప్రైమరీలో కేటీ పోర్టర్‌కు వ్యతిరేకంగా కోటి డాలర్లు, ఒహాయోలో సెనేట్ బ్యాంకింగ్ సంఘం అధ్యక్షుడు షెరాడ్ బ్రౌన్‌ను ఓడించడానికి సుమారు 4 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ప్రకటనల్లో క్రిప్టో మాటే లేదు. ఓటరుకు చెప్పదలచింది వేరు, మిగతా సభ్యులకు వినిపించదలచింది వేరు. బ్రౌన్ ఓటమికి ఆ డబ్బే కారణమని ఎవరూ రుజువు చేయలేరు. ఒహాయో అప్పటికే రిపబ్లికన్ల వైపు ఒరిగింది. రుజువు అక్కర్లేదు కూడా. 2025 జూన్‌లో స్టేబుల్‌కాయిన్లనే క్రిప్టో నాణేల బిల్లు సెనేట్‌లో 68-30తో నెగ్గినప్పుడు అనుకూలంగా ఓటేసినవారిలో 18 మంది డెమోక్రాట్లు. వాళ్లలో నిజంగా ఆ బిల్లును నమ్మినవాళ్లు ఉండవచ్చు. ఎవరు నమ్మి ఓటేశారో, ఎవరు ఒహాయోను తలుచుకుని ఓటేశారో బయటివాడికి తేల్చుకునే మార్గం లేకపోవడమే ఈ పద్ధతి చేసే హాని.

మరి ఏం చేయాలి? వాక్ స్వాతంత్ర్యం పేరుతో వచ్చే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎవరెంత ప్రచారం చేసుకోవచ్చో తేల్చే అధికారం అధికారంలో ఉన్నవాళ్ల చేతికిస్తే, వాళ్లు ముందుగా నోరు నొక్కేది తమ ప్రత్యర్థులదే. ఖర్చు మీద కప్పు వేయాలన్న ఆశ ఎలాగూ ఇప్పటి సుప్రీంకోర్టు ముందు నిలవదు. డబ్బు నోరు కట్టేయడం కంటే, అది లేనివాళ్లకు నోరు ఇవ్వడం మీద శ్రమ పెట్టడం మేలు. సియాటిల్ నగరం 2015లో ఓటర్లు ఆమోదించిన పథకం కింద ప్రతి ఓటరుకూ పాతిక డాలర్ల వోచర్లు నాలుగు పంపి, వాటిని నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోమంటుంది. చందా ఇచ్చేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది, నాయకుడు ఫోన్ చేయవలసిన ఇళ్ల జాబితా మారింది. బయటి డబ్బును అది ఆపలేదు. అయినా ఆ నాలుగు గంటలు ఎవరితో గడుస్తాయన్నది మార్చగల ఉపాయం నాకు ఇంతకంటే కనిపించలేదు. ఇంటర్నెట్ చిన్న చందాలు ఆ పని చేస్తున్నాయంటారు గానీ, అవి ఎక్కువగా టీవీలో గట్టిగా అరిచేవాళ్లకే చేరుతున్నాయి.

సమాచారం విషయంలో పరిష్కారం ఇంకా చవక, దానికి కోర్టు అడ్డంకి లేదు. టెక్నాలజీ అసెస్‌మెంట్ కార్యాలయం మూతపడే నాటికి దాని ఏటి ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు, అంటే ఒహాయోలో ఒక్క సీటు కోసం క్రిప్టో సంస్థలు పెట్టినదానిలో సగం. ఇరవై మూడేళ్లలో అది దాదాపు 750 నివేదికలు ఇచ్చింది. దాన్ని నెలకొల్పిన 1972 నాటి చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, నిధులు ఆపేశారంతే. 2019లో ప్రతినిధుల సభ కేటాయింపుల సంఘం దాన్ని తిరిగి తెరవడానికి 60 లక్షల డాలర్లు ప్రతిపాదించింది. తుది బడ్జెట్‌లో ఆ పద్దు లేదు.